కనబడని విజేతలు

క్రీడ అనగానే మన మనస్సులో మెదిలేది గెలుపు. ఆ గెలుపు వెనుక శ్రమ ఉన్నదని, ఆ శ్రమలో నిజాయితీ ఉన్నదని నమ్మినప్పుడే ప్రేక్షకుడు మనసారా చప్పట్లు కొడతాడు. ఆ నమ్మకం సడలిననాడు క్రీడకూ గారడీకీ భేదం ఉండదు. అయితే నిజాయితీగా గెలిచినా చూసే కన్ను లేకపోతే ఆ గెలుపు గతి ఏమిటి? ఒకరు చేసిన మోసానికి మరొకరు మూల్యం చెల్లించవలసి వస్తే దానిని న్యాయమనగలమా? ఈ రెండు ప్రశ్నలనూ ఏకకాలంలో మన ముందుంచిన క్రీడ మహిళల వృత్తి సైక్లింగ్.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతానికి చెందిన నికోల్ కుక్ 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో రహదారి సైకిలు పందెంలో స్వర్ణపతకం సాధించింది. జోరువానలో, తడిసిన దారిపై 126 కిలోమీటర్లు సాగిన పోటీ అది. అదే సంవత్సరం ఇటలీలోని వరేజె నగరంలో ఆమె ప్రపంచ విజేతగా కూడా నిలిచింది. ఒకే ఏడాదిలో ఈ రెండు కిరీటాలనూ ధరించిన రహదారి సైక్లిస్టు అంతకు పూర్వం స్త్రీలలోనూ లేరు, పురుషులలోనూ లేరు. అటువంటి క్రీడాకారిణి 2013 జనవరి 14న, ఇరవై తొమ్మిదేళ్ల వయస్సులో పోటీల నుండి విరమించింది. వీడ్కోలు సందర్భంగా ఆమె చెప్పుకొన్నవి పతకాల ముచ్చట్లు మాత్రమే కావు. నిషిద్ధ మందులు వాడమని వచ్చిన ఒత్తిడిని తాను తిరస్కరించిన వైనాన్ని, జట్లు ఎగవేసిన జీతాల కోసం న్యాయపోరాటం చేయవలసి వచ్చిన దుఃస్థితిని ఆమె వివరించింది. సరిగ్గా ఆ వారంలోనే అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను మోసం చేసి గెలిచానని టెలివిజన్‌లో ఒప్పుకొన్నాడు. లోకం చూపంతా అతనివైపే మళ్లింది. మోసగించిన వానికి లభించిన వేదిక, మోసగించనని నిలిచిన స్త్రీకి లభించలేదు.

సైకిలు పందేలకు ఉత్ప్రేరకాల జాడ్యం కొత్తగా అంటినది కాదు. 1967లో ఫ్రాన్సులోని వాంటూ పర్వతాన్ని ఎక్కుతూ బ్రిటన్ సైక్లిస్టు టామ్ సింప్సన్ కుప్పకూలి మరణించాడు. అతని శరీరంలో ఆంఫెటమిన్ అనే ఉత్ప్రేరకం బయటపడింది. తరువాతి కాలంలో ఈ.పి.ఓ. అనే మందు రంగప్రవేశం చేసింది. మన మూత్రపిండాలు సహజంగా ఉత్పత్తి చేసే హార్మోనుకు ఇది కృత్రిమ రూపం. రక్తంలోని ఎర్రకణాల సంఖ్యను పెంచి, కండరాలకు ఎక్కువ ప్రాణవాయువు అందేటట్లు చేస్తుంది. అదే సమయంలో రక్తాన్ని చిక్కబరచి ప్రాణాపాయాన్నీ తెచ్చిపెడుతుంది. 1998లో ఫెస్టీనా జట్టు వాహనంలో ఇటువంటి మందులు పట్టుబడినప్పుడు ‘టూర్ ద ఫ్రాన్స్’ పునాదులే కదిలాయి. 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడుసార్లు ఆ పందెం గెలిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ బిరుదులన్నీ 2012లో రద్దయ్యాయి.

ఇవన్నీ పురుషుల పందేల కథలు. కాని వాటి ఫలితం పురుషుల వద్దనే ఆగలేదు. 2007లో జర్మనీకి చెందిన టీ-మొబైల్ జట్టులోని ఒక సైక్లిస్టు పరీక్షలో పట్టుబడ్డాడు. జర్మనీ ప్రభుత్వరంగ టెలివిజన్ సంస్థలు టూర్ ప్రసారాలను మధ్యలోనే నిలిపివేశాయి. ఆ సంవత్సరాంతంలో టీ-మొబైల్ సంస్థ సైక్లింగ్ నుండి పూర్తిగా వైదొలగింది. పురుషుల జట్టుతో పాటు, ఆ కళంకంతో సంబంధంలేని మహిళల జట్టుకు కూడా ధనసహాయం ఆగిపోయింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని మన పెద్దలంటారు. ఇక్కడ ఉప్పు తిన్నవారు ఒకరు, దాహంతో అలమటించినవారు మరొకరు. సంపన్నమైన పురుషుల జట్లకు ఒక ప్రాయోజకుడు పోతే మరొకడు దొరికే అవకాశమున్నది. అరకొర నిధులతో బ్రతుకుతున్న మహిళల జట్లకు అటువంటి ఆసరా లేదు.

మహిళల పందేలకు ఆ దారిద్ర్యం ఎందుకు కలిగింది? కనబడకపోవడమే దానికి మూలం. ఒలింపిక్స్‌లో పురుషుల రహదారి పందెం 1896లోనే ఉన్నది. స్త్రీల పందెం 1984లోగాని ప్రవేశించలేదు. అదే 1984లో ఫ్రాన్సులో మహిళల టూర్ ప్రారంభమైంది. పురుషులు ప్రయాణించే దారులలోనే, వారికంటే కొన్ని గంటలు ముందుగా, పద్దెనిమిది అంచెలుగా సాగిన ఆ పందెంలో అమెరికా యువతి మరియన్ మార్టిన్ గెలిచింది. 1989 తరువాత ఆ పందెం నిలిచిపోయింది. వేరే పేర్లతో, వేరే నిర్వాహకులతో నడచిన మహిళల పందేలు కూడా 2009 నాటికి కనుమరుగయ్యాయి. 2013లో మరియన్ వాస్, ఎమ్మా పూలీ, కాథరిన్ బెర్టీన్, క్రిస్సీ వెల్లింగ్టన్ అనే నలుగురు క్రీడాకారిణులు సంతకాల ఉద్యమం నడిపితే, 2014లో ఒక్కరోజు పందెం దక్కింది. ‘టూర్ ద ఫ్రాన్స్ ఫామ్’ పేరిట ఎనిమిది అంచెల పందెం 2022లోగాని రాలేదు. దానిలో గెలిచిన నెదర్లాండ్స్ క్రీడాకారిణి అనెమీక్ ఫాన్ ఫ్లోటెన్‌కు లభించిన బహుమతి 50,000 యూరోలు. అదే ఏడాది పురుషుల విజేతకు లభించినది 5,00,000 యూరోలు.

ప్రేక్షకులు ఎక్కువగా చూసేదానికే ఎక్కువ ధనం వస్తుందని, ఇందులో అన్యాయమేమీ లేదని కొందరు వాదిస్తారు. పైకి సమంజసంగా తోచే ఈ వాదం పరీక్షకు నిలువదు. ప్రసారం చేయని పందేన్ని ప్రేక్షకుడు ఎట్లా చూడగలడు? చూసేవారు లేరని ప్రసారం మానివేయడం, ప్రసారం లేదని చూసేవారు లేకపోవడం, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదన్న సామెతను తలపిస్తుంది. 2022 పందేన్ని ప్రతిరోజూ ప్రత్యక్షంగా ప్రసారం చేసినప్పుడు దారి పొడవునా జనం బారులు తీరారు. 2024లో ఆల్ప్ డ్యూజ్ పర్వత శిఖరంపై ముగిసిన పోటీలో పోలెండ్‌కు చెందిన కాషా నీవియదోమా కేవలం నాలుగు సెకన్ల తేడాతో గెలిచింది. అంతటి ఉత్కంఠ స్త్రీల పందేలలో ఉండదని ఇక ఎవరనగలరు?

మరొక అభిప్రాయం ఇంతకంటే ప్రమాదకరమైనది. మహిళల సైక్లింగ్‌లో డబ్బు తక్కువ కాబట్టి మోసం కూడా తక్కువేనని, అందువల్ల అది స్వచ్ఛంగానే ఉంటుందని కొందరి భావన. పేదరికాన్ని పవిత్రతగా భ్రమించడం పొరపాటు. నికోల్ కుక్ గెలిచిన బీజింగ్ క్రీడలలోనే స్పెయిన్ దేశపు మహిళా సైక్లిస్టు ఒకరు ఈ.పి.ఓ. పరీక్షలో పట్టుబడి వెనుదిరిగింది. కెనడాకు చెందిన జనెవీవ్ జాన్సన్ తాను పదహారేళ్ల ప్రాయం నుండే ఈ.పి.ఓ. వాడినట్లు 2007లో వెల్లడించింది. పదహారేళ్లంటే ఇంచుమించు జూనియర్ కళాశాలలో చేరే వయస్సు. ఆ వయస్సులో శిక్షకుని మాటను, వైద్యుని మాటను కాదనే ధైర్యం ఎందరికి ఉంటుంది? జీతం లేని, ఒప్పందం లేని, తన గోడు వినేవారు లేని క్రీడాకారిణికి ఆ ధైర్యం మరింత దుర్లభం.

అందువల్ల గుర్తింపు, స్వచ్ఛత అనేవి రెండు వేర్వేరు సమస్యలు కావని నా అభిప్రాయం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అగ్రశ్రేణి మహిళల జట్లలో 2020 నుండి కనీస వేతనాన్ని అమలులోకి తెచ్చింది. మొదట అది ఏడాదికి 15,000 యూరోలు. తరువాత క్రమంగా పెరిగింది. ఇది కేవలం సంక్షేమ చర్య కాదు. నెలనెలా జీతం అందుకొనే క్రీడాకారిణి తప్పుడు సలహాను తిరస్కరించగలదు. కనుక కనీస వేతనం కూడా డోపింగ్‌ను అరికట్టే సాధనమే. సైక్లిస్టుల రక్త వివరాలను ఏళ్ల తరబడి నమోదుచేసి, అసహజమైన మార్పులను పసిగట్టే జీవసంబంధ పాస్‌పోర్టు విధానం 2008లో మొదలైంది. అటువంటి పరీక్షలు ప్రసిద్ధులకే పరిమితం కాకుండా చిన్న జట్లకు, యువతులకు కూడా విస్తరించాలి. పరీక్షలకు వెచ్చించే ధనాన్ని దండనకయ్యే ఖర్చుగా చూడరాదు. అది నిజాయితీపరులకు కట్టే రక్షణకవచం.

కీర్తి పెరిగినప్పుడు ప్రలోభమూ పెరుగుతుందన్నది నిజమే. ఆ భయంతో స్త్రీలను మళ్లీ చీకటిలోకి నెట్టడం పరిష్కారం కాదు. పురుషుల సైక్లింగ్ ముందు డబ్బు సంపాదించి, అపకీర్తి మూటకట్టుకొన్న తరువాతనే నియమాలు నేర్చుకొన్నది. మహిళల సైక్లింగ్‌కు ఆ క్రమాన్ని మార్చుకొనే అవకాశం ఇప్పుడున్నది. వెలుగుతో పాటే కాపలా కూడా రావాలి. ఆ కాపలాలో మనకూ భాగమున్నది. పట్టుబడిన వాని కథను ఆసక్తిగా చదివే మనం, మందు ముట్టక ఓడినవారి పేర్లను కూడా అడిగి తెలుసుకోవాలి. వారిని గుర్తించే ప్రేక్షకులు పెరిగినకొద్దీ మోసానికి చోటు తగ్గుతుంది.