మాస్కు ఇచ్చారు సరే.. ముఖానికి అతికిందా?

కరీంనగర్: టాన్ బ్రౌన్ గ్రానైట్‌కు కరీంనగర్ ప్రాంతం పెట్టింది పేరు. ఇక్కడి దిమ్మెలు రైలు మార్గాన కాకినాడ ఓడరేవుకు, అక్కడి నుంచి విదేశాలకు తరలిపోతుంటాయి. వాటితోపాటు పుట్టే ధూళి మాత్రం ఎక్కడికీ పోదు. రాయిని తొలిచేవారి, కోసేవారి, నునుపు పెట్టేవారి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. అందులోని సిలికా రేణువులే సిలికోసిస్‌కు మూలం. ఒకసారి సోకితే నయం చేసే మందు లేదు. పైగా క్షయ ముప్పును పెంచుతుంది. దగ్గు, ఆయాసం రెండింటిలోనూ కనిపించడంతో సిలికోసిస్‌ను క్షయగా పొరబడటమూ కద్దు.

ధూళి నుంచి రక్షణ అనగానే మాస్కుల పంపిణీ గుర్తుకొస్తుంది. ఎన్ని పంచారన్నదే లెక్కకు వస్తుంది తప్ప, అవి ముఖానికి అతికాయా అని అడిగేవారు అరుదు. 2020లో కరోనా పుణ్యమా అని ఎన్95 పేరు ఇంటింటికీ తెలిసింది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని అడ్డుకోవడం ఆ వడపోత పొర గుణం. ముక్కు పక్కన సందు ఉంటే ఆ అంకెకు విలువ లేదు. గాలి సులువైన దారినే వెతుక్కుంటుంది. కంటికి కనిపించని ధూళి ఆ సందులోంచే లోపలికి చేరుతుంది. మన ఐఎస్ 9473 ప్రమాణం మాస్కు నాణ్యతను తేల్చుతుంది. ఫలానా కార్మికుడి ముఖానికి అది సరిపోతుందో లేదో ఆ ముద్ర చెప్పజాలదు.

తీపి తెలిస్తే తప్పినట్టే

దీన్ని తేల్చేదే ఫిట్ టెస్ట్. మాస్కు ధరించిన వ్యక్తి తలపై పారదర్శకమైన ముసుగు వేసి, అందులోకి శాకరిన్ ద్రావణాన్ని తుంపరగా వదులుతారు. ఆ రుచిని అతడు గుర్తించగలడా అన్నది మాస్కు లేకుండా ముందే పరీక్షిస్తారు. తర్వాత మాస్కుతో మామూలుగానూ, గట్టిగానూ ఊపిరి పీల్చాలి. తలను పక్కలకు, పైకీ కిందికీ తిప్పాలి. బిగ్గరగా చదవాలి, నడుం వంచాలి. పనిలో చేసే కదలికలే ఇవి. నాలుకకు తీపి తగిలిందంటే గాలి లీకవుతున్నట్టే. అప్పుడు వేరే సైజు, వేరే నమూనా ప్రయత్నించాలి. మొత్తం అరగంట లోపు పని. అమెరికాలో 1998 నాటి నిబంధనల ప్రకారం బిగుతుగా అతికే మాస్కు ధరించే ప్రతి కార్మికుడికీ తొలిసారి వాడకముందు, ఆపై ఏటా ఈ పరీక్ష తప్పనిసరి.

ముఖాలన్నీ ఒక్కటి కావు. సన్నని ముఖం గల మహిళకు, దవడలు వెడల్పైన పురుషుడికి ఒకే సైజు ఇస్తే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. మాస్కు అంచు ఆనే చోట గడ్డం పెరిగితే ఎంత ఖరీదైన మాస్కయినా సరిగా అతకదు. గడ్డం తీయలేని వారికి బ్యాటరీతో శుద్ధమైన గాలి పంపే వదులు ముసుగులున్నాయి. అవి ఖరీదైనవన్నది నిజమే.

నీరు చిమ్ముతూ కోయడం, ధూళిని పుట్టినచోటే పీల్చే యంత్రాలు అమర్చడం యాజమాన్యాల మొదటి బాధ్యత. మాస్కు ఆఖరి ఆసరా మాత్రమే. రోళ్లు పగిలే ఎండలో ఊపిరాడక కార్మికుడు దాన్ని గొంతు కిందికి లాగితే తప్పు అతడొక్కడిదే కాదు. నీడన, ధూళికి దూరంగా కాసేపు దాన్ని తీసి సేదదీరే వెసులుబాటు కల్పించవలసింది పని చేయించేవారే.