స్క్రీన్ నల్లబడితే కార్డు పోయినట్టేనా? స్టూడియోలకు డ్రైవర్ల గండం!

పెళ్లి ఆల్బమ్ సగంలో ఉంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడింది. కాసేపటికి మళ్లీ వచ్చింది కానీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. సేవ్ చేయని పనంతా గోవిందా! మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో ఫొటో స్టూడియోలు, ఫ్లెక్స్ షాపులు నడిపేవాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే. వెంటనే వినిపించే సలహా కూడా ఒక్కటే.. ‘కార్డు పోయింది, మార్చేయండి’. నిజంగా కార్డే పోయిందా?

అసలేం జరుగుతోంది?

గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లలోగా స్పందించకపోతే, విండోసే డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటిది. కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోకుండా కాపాడటమే దీని పని. అంటే నల్లబడిన స్క్రీన్ ఒక హెచ్చరిక మాత్రమే. తప్పు డ్రైవర్‌ది కావచ్చు, వేడిది కావచ్చు, కరెంటుది కూడా కావచ్చు.

ఇప్పుడే ఎందుకీ ఆందోళన?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. అదే నెలతో జీటీఎక్స్ 900, 10 సిరీస్ కార్డులకు మామూలు డ్రైవర్ అప్‌డేట్లను ఎన్విడియా ఆపేసింది. ఇక మూడు నెలలకోసారి వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లే దిక్కు. అవీ 2028 అక్టోబర్ వరకే. 1050 టీఐ లాంటి కార్డు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేస్తే కొత్త డ్రైవర్ అడుగుతుంది. కార్డు అరిగిపోకముందే దాని వయసును కంపెనీ తేల్చేస్తోందన్నమాట. ఆ భారం పడేది చిన్న షాపుల మీదే.

కార్డా.. కరెంటా?

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి చూడండి. క్రాష్ అయిన టైముకి 4101 నంబర్ కనిపిస్తే డ్రైవర్ ఆగి, రీసెట్ అయినట్టు. అది లేకుండా కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉంటే, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయినట్టు. అప్పుడు ముందుగా చూడాల్సింది యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్‌లనే. తుపాన్ల రోజుల్లో కరెంటు పోయి వచ్చే తీర ప్రాంతంలో ఈ అనుమానం మరీ ముఖ్యం. ఉప్పుగాలి, తేమ తోడైతే ఫ్యాన్లలో దుమ్ము ముద్దకట్టి కార్డు వేడెక్కిపోతుంది.

ఖర్చు పెట్టేముందు ఇవి చేయండి

* కొత్త డ్రైవర్ వేశాకే సమస్య మొదలైతే, డివైజ్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్’ చేసి పాతదానికి వెళ్లండి.
* అయినా తగ్గకపోతే నెట్ కనెక్షన్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ టూల్‌తో డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి మళ్లీ వేయండి. నెట్ ఉంటే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను మధ్యలో దూర్చేస్తుంది.
* ఫ్యాన్లు శుభ్రం చేయించండి. కార్డును మళ్లీ బిగించి, పవర్ కేబుల్ సరిచూడండి.
* వీలైతే అదే కార్డును మరో సిస్టమ్‌లో పెట్టి చూడండి. అక్కడా క్రాష్ అయితే అప్పుడు కార్డునే అనుమానించాలి.

బాగా నడుస్తున్న డ్రైవర్ దొరికితే ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో పెద్ద అప్‌డేట్ల జోలికి పోకండి. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం పని తక్కువున్న రోజు చూసి వేసుకోవాల్సిందే. వేల రూపాయల కార్డు కొనేముందు అరగంట ఆ లాగ్ చూస్తే పోయేదేముంది?