జాబ్స్, కాన్సర్, మన తలరాతలు

"అన్ని కోట్లున్నా స్టీవ్ జాబ్స్ బతికాడా? అంతా తలరాత!" మన ఐటీ జనాలు తెగ పంపించుకునే ఈ ఫార్వర్డు చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు.

అయ్యా, ఆయనది అందరూ భయపడే మామూలు పాంక్రియాస్ కాన్సర్ కాదు. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే అరుదైన న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది, పాకకముందే దొరికితే కోసి తీసెయ్యొచ్చు. 2003 అక్టోబరులో కిడ్నీల కోసం తీసిన స్కాన్‌లో అనుకోకుండా దొరికింది కూడా! డాక్టర్లు ఆపరేషన్ అన్నారు. ఆయనేమో తొమ్మిది నెలలు పళ్ళరసాలు, ఆక్యుపంక్చర్ అంటూ గడిపి, 2004 జులైలో చేయించుకున్నాడు. 2011లో పోయాడు. ఆ ఆలస్యమే చంపిందని ఎవరూ తేల్చలేరు. కానీ చేతికందిన అవకాశాన్ని వాయిదా వెయ్యడం తలరాతెలా అవుతుందండీ?

ఎర్రర్ మెసేజ్ చదవకుండా కోడ్ ముట్టుకోం కదా మనం! మరి బయాప్సీ రిపోర్టులో "కాన్సర్" అన్న ఒక్క మాట చూసి చేతులెత్తెయ్యడమేంటి, కషాయాలమ్మేవాడి దగ్గరికి పరిగెత్తడమేంటి? ఏ రకం, ఏ గ్రేడు, ఎంతవరకు పాకింది, ముందు ఇవి అడగండి. ఈ రకాన్ని వెతకడానికి గాలియం పెట్ స్కాన్, పాకినవాళ్ళకి లుటీషియం చికిత్స ఇప్పుడు మన దేశంలోనే ఉన్నాయి.

ఆ ఫార్వర్డుని ఎవరో ఒకరు రిపోర్టు చేతిలో పట్టుకుని చదువుతుంటారు. పంపేముందు కాస్త ఆలోచించండి బాబూ!