ఆర్చర్ జీవితం - మనకు పనికొచ్చేది, పనికిరానిది



కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు వెదికేవారికి జెఫ్రీ ఆర్చర్ పేరు కొత్త కాదు. ఇంగ్లీషు మెరుగుపడాలంటే ఆయన నవలలు చదవమని సీనియర్లు చెబుతుంటారు. మంచి సలహాయే. కానీ ఆయన నవలల కంటే ఆయన జీవితమే మనకు పెద్ద పాఠమని నా అభిప్రాయం.

ఆర్చర్ 1969లో, 29 ఏళ్లకే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడయ్యారు. ఒక కెనడా కంపెనీలో పెట్టిన డబ్బు పోయి, 4 లక్షల పౌండ్లకు పైగా అప్పుల పాలయ్యారు. 1974లో పదవి వదులుకున్నారు. అప్పు తీర్చడానికి కలం పట్టారు. మొదటి నవల 1976లో వచ్చింది. 1979 నాటి 'కేన్ అండ్ ఏబెల్'తో ప్రపంచమంతా పేరొచ్చింది.

అక్కడితో ఆగితే ఇది మామూలు విజయగాథే. కానీ ఒక పత్రిక తనపై రాసిన వార్త మీద ఆయన పరువునష్టం దావా వేసి, 1987లో 5 లక్షల పౌండ్లు గెలుచుకున్నారు. ఆ కేసు కోసం ఒక మిత్రుడితో దొంగ సాక్ష్యం సిద్ధం చేయించుకున్నారు. 1999లో, లండన్ మేయర్ పదవికి అభ్యర్థిగా ఉండగా, ఆ మిత్రుడే నోరు విప్పాడు. 2001 జూలైలో కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. గెలిచిన సొమ్మునూ తిరిగి కట్టాల్సి వచ్చింది. పన్నెండేళ్లు దాగిన అబద్ధం కొంగున కట్టుకున్న నిప్పే అయింది.

రెండేళ్లు జైల్లో ఉన్నా ఆయన కలం ఆగలేదు. అక్కడి రోజులను మూడు సంపుటాల డైరీగా వెలువరించారు. రోజులో రెండేసి గంటల చొప్పున నాలుగు విడతలు కూర్చొని, చేత్తోనే రాయడం ఆయన అలవాటు. ఒక్కో నవలను పదిసార్లకు పైగా తిరగరాస్తారు. ఇది మనకు పనికొచ్చే పాఠం. ఒకే గదిలో పదిమందిమి సర్దుకునే మనకు స్టడీ అవర్ విలువ వేరే చెప్పాలా? వసతులు లేవన్న మాట నిజమే, వాటికోసం అడగాల్సిందే. అయితే అవి వచ్చేదాకా పుస్తకం మూసిపెట్టలేం.

"అబద్ధమాడినా మళ్లీ నిలబడ్డాడు కదా" అని కొందరు అనవచ్చు. అదే మనకు పనికిరాని పాఠం. ఆయనకు పేరుంది, ఆస్తి ఉంది, కాచుకున్న ప్రచురణకర్తలున్నారు. మనకేమున్నాయి? మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి. పరీక్షలో చిట్టీ, ఉద్యోగం కోసం దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ మనలో ఒకడు దొరికితే "హాస్టల్ పిల్లలంతా ఇంతే" అంటారు. మన వెనక రావాల్సిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ తలుపు మూసుకుంటుంది. ఇది అన్యాయమే, అయినా నేటికీ నిజం.

ఉన్నవాడికి రెండో అవకాశం ఇంటికే వస్తుంది. మనం మొదటి అవకాశాన్నే నిజాయితీతో కాపాడుకోవాలి. మార్కులు తగ్గితే సప్లిమెంటరీ రాయవచ్చు, నమ్మకం పోతే దానికి సప్లిమెంటరీ లేదు. ఆర్చర్ నవలలు చదవండి, ఆయనలా కష్టపడండి. ఆయన ఆడిన అబద్ధాన్ని మాత్రం ఆయనకే వదిలేయండి!