కేకు మీద గులాబీ

పెళ్ళి విందు సాగుతూ ఉంటుంది. వధువు తండ్రి ఇవాబుచి ఓ ప్రభుత్వ భూ అభివృద్ధి సంస్థకు ఉపాధ్యక్షుడు. బయట విలేకరులు కాచుకుని ఉంటారు. ఇంతలో ఆ సంస్థ కార్యాలయ భవనం ఆకారంలో చేసిన కేకు వస్తుంది. ఐదేళ్ళ కిందట ఓ ఉద్యోగి దూకి చనిపోయిన కిటికీలో ఒక గులాబీ గుచ్చి ఉంటుంది. పెద్దమనుషుల ముఖాల్లో నెత్తురుచుక్క ఉండదు. వరుడు నిషి ఆ ఉద్యోగి కొడుకేనని తర్వాత తెలుస్తుంది.

అకిరా కురొసావా సొంత నిర్మాణ సంస్థ పెట్టుకుని తీసిన మొదటి సినిమా ఇది: 1960లో వచ్చిన ‘ది బ్యాడ్ స్లీప్ వెల్’. సొంత డబ్బు పెట్టేవాళ్ళు లాభాలొచ్చే కథ చూసుకుంటారు. ఆయన లంచగొండి అధికారుల కథ ఎంచుకున్నాడు. ఆ తెగువకు చేతులెత్తి మొక్కాలి.

చనిపోయాడని లోకం నమ్మిన గుమస్తా వాదా, కారులో కూర్చుని తన అంత్యక్రియలే చూసే ఘట్టం మరీ కలచివేస్తుంది. పక్కనే ఉన్న నిషి, వాదా పైఅధికారుల మాటలు రికార్డు చేసిన టేపు వినిపిస్తాడు. నిషిగా తొషిరో మిఫునే కోపమంతా కళ్ళద్దాల వెనకే దాచుకుంటాడు.

ప్రతీకారం ఫలించిందా అన్నది మేం చెప్పం. సినిమా చూడండి. ఆఖరి ఫోన్ కాల్ ముగిసేదాకా మాత్రం లేవకండి.