రెండు దీవులు, రెండు చట్టాలు

లోకం మునిగిపోయాక మిగిలిన పిడికెడు మంది ఏం చేస్తారు? ఒక దీవి చూసుకుంటారు, చుట్టూ గోడ కట్టుకుంటారు, నాలుగు చట్టాలు పెట్టుకుంటారు. 2025 జూన్‌లో విడుదలైన డానీ బాయిల్ సినిమా '28 ఇయర్స్ లేటర్' చెప్పే జవాబు ఇదే. అంటురోగంతో బ్రిటన్ పాడుపడిపోగా, ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని హోలీ ఐలాండ్‌లో ఒక ఊరు మాత్రం బతికి ఉంటుంది. అక్కడికి ఒకటే దారి, అదీ పోటు వస్తే మునిగిపోతుంది. దారి చివర కాపలా ఉన్న తలుపు. ఊరివాళ్లు అవతలి గడ్డకు వెళ్లవచ్చు. తిరిగి రాకపోతే మాత్రం వెతకడానికి ఎవరూ వెళ్లరు. అదీ అక్కడి శాసనం.

ప్రేక్షకులు బయట తిరిగే రోగగ్రస్తులను చూసి జడుసుకుంటారు. రాజకీయాలు గమనించేవారు ఆ శాసనం గురించి ఆలోచనలో పడతారు. దాన్ని ఎవరు రాశారు? రాసినవారికీ అది వర్తిస్తుందా? ఇవి సినిమా ప్రశ్నలు మాత్రమే కావు. దాదాపు 400 ఏళ్ల కిందట హిందూ మహాసముద్రంలో ఒకే ప్రమాదం నుంచి బయటపడిన జనం రెండు దీవుల మీద రెండు రకాల పాలనలు ఏర్పాటు చేసుకున్నారు. ఒకదానికి కాగితాలు, సంతకాలు, దుస్తులు, బిరుదులు అన్నీ ఉన్నాయి. రెండోదానికి రాళ్లు పేర్చిన గోడ మాత్రమే ఉంది. మనుషులు మనుషుల్లా బతికింది రెండో దానిలోనే.

1629 జూన్ 4 తెల్లవారకముందే డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ 'బటావియా' ఆస్ట్రేలియా పశ్చిమ తీరానికి ఎడంగా ఉన్న హౌట్‌మన్ అబ్రోలోస్ దీవుల దగ్గర పగడపు దిబ్బకు గుద్దుకుంది. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేరును మిగిల్చి వెళ్లిన డచ్చివారి కంపెనీయే ఇది. ఓడ మీద కంపెనీ తరఫున సర్వాధికారి ఫ్రాన్సిస్కో పెల్సార్ట్ కూడా మన చరిత్రకు కొత్తవాడేమీ కాదు. ఏడేళ్లు ఆగ్రాలో కంపెనీ వ్యాపారం చూసుకుని, జహంగీర్ కాలపు హిందుస్థాన్ మీద వివరమైన నివేదిక రాసినవాడు. ఆ ప్రయాణంలోనూ వెండి నాణేల పెట్టెలతోపాటు మొఘల్ దర్బారులో అమ్మజూపేందుకు తెచ్చిన విలువైన వస్తువులు ఓడలో ఉన్నాయి.

ఓడలో ఉన్నది సుమారు 340 మంది. వారిలో 40 మంది దాకా మునిగిపోయారు. మిగిలినవారిలో సైనికులు, నావికులు, గుమాస్తాలు, ఆడవాళ్లు, పసిపిల్లలు ఉన్నారు. ఎక్కువమంది చేరింది ఒక చిన్న పగడపు దీవికి. అక్కడ తాగునీరు లేదు. వాన పడేలోపే కొందరు దాహంతో చనిపోయారు. ఈలోగా పెల్సార్ట్, ఓడ కెప్టెన్ సహా 48 మంది ఉన్న పడవల్లో బయల్దేరి వెళ్లిపోయారు. నీళ్లు వెతకడానికన్నారు గానీ చివరికి 33 రోజులు ప్రయాణించి జావా చేరారు. సహాయం తేవాలంటే అంతకన్నా మార్గం లేదని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ వెళ్తూ వెళ్తూ పక్క దీవిలో ఆయన ఒక చీటీ, కాసిన్ని రొట్టెలు వదిలి వెళ్లిన సంగతి తెలిశాక జనం ఆ దీవికి 'ద్రోహుల దీవి' అని పేరు పెట్టుకున్నారు. చట్టం తప్పిన మొదటి అడుగు హంతకులది కాదు. ప్రభుత్వమే పడవెక్కి వెళ్లిపోయింది.

మిగిలినవారిలో హోదాలో పెద్దవాడు యెరోనిమస్ కోర్నెలిస్. ఒకప్పుడు మందుల దుకాణం నడిపినవాడు, కంపెనీలో ఉప వర్తకుడు. అధికారం అతనికి న్యాయంగానే దక్కింది. ఎవరినీ కూలదోసి రాలేదు. ముందు ఆయుధాలన్నీ ఒకచోట చేర్పించాడు, పడవలను తన అధీనంలోకి తెచ్చుకున్నాడు. ఇవి ఏ పాలకుడైనా చేసే పనులే. వైన్ పీపాకు కన్నం పెట్టిన కేసు ఒకటి వచ్చినప్పుడు అసలు రంగు బయటపడింది. దొంగిలించినవాడితోపాటు పంచుకుని తాగినవాడినీ చంపాలన్నాడు. అప్పటికి ఉన్న మండలి రెండో మరణశిక్షకు ఒప్పుకోలేదు. కోర్నెలిస్ మండలినే రద్దు చేసి తన మనుషులతో కొత్తది వేసుకున్నాడు.

ఆ తర్వాత అడ్డేముంది? నోళ్లు తగ్గితే తిండి మిగులుతుంది. రేపు కాపాడటానికి వచ్చే ఓడను పట్టుకుని సముద్రపు దోపిడీకి బయల్దేరవచ్చు. అదీ పథకం. మొదట పక్క దీవికి తీసుకెళ్తామని తెప్పల మీద ఎక్కించి నడిసముద్రంలో ముంచేశారు. తర్వాత ఆ దాపరికమూ పోయింది. రోగులు, పిల్లలు, గర్భిణులు ఎవరినీ వదల్లేదు. మత బోధకుడి భార్యనూ ఆరుగురు పిల్లలనూ ఒకే రాత్రి చంపారు. ప్రాణాలతో ఉంచిన కొద్దిమంది ఆడవాళ్లను పంచుకున్నారు. రెండు నెలల్లో 100 మందికి పైగా బలయ్యారు.

విచిత్రమేమిటంటే, ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ దీవిలో 'చట్టం' లేకుండా పోలేదు. ఒకరికొకరు కట్టుబడి ఉంటామని ప్రమాణ పత్రాలు రాసుకుని అందరూ సంతకాలు పెట్టారు. కోర్నెలిస్ 'కెప్టెన్ జనరల్' అనే బిరుదు పెట్టుకున్నాడు. కంపెనీ సరుకులోని ఎర్రటి ఉన్ని బట్టకు జరీ అంచులు కుట్టించి అనుచరులకు తొడిగించాడు. బతకాలనుకున్నవాడు సంతకం పెట్టాలి. సంతకం పెట్టినవాడు చంపి చూపించాలి.

ఇక రెండో దీవి. వీబ్బె హేయెస్ అనే సాధారణ సైనికుడిని మరో 20 మందితో పాటు నీళ్లు వెతకమని కోర్నెలిస్ దూరపు దీవికి పంపాడు. ఆయుధాలు ఇవ్వలేదు. దాహంతో చస్తారన్నది లెక్క. ఆ లెక్క తప్పింది. కొన్నివారాల వెతుకులాట తర్వాత వారికి మంచినీళ్లు దొరికాయి. చేపలు, పక్షి గుడ్లు, వాలబీలనే చిన్న కంగారూలు తిండికి సరిపోయాయి. ముందు అనుకున్న ప్రకారం పొగమంటలు వేసి కబురు చేశారు. నీళ్లు దొరికాయన్న శుభవార్తకు పెద్ద దీవి నుంచి జవాబు రాలేదు. బదులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఈదుకుంటూ, చెక్కలు పట్టుకుని తప్పించుకున్నవారు ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లు చెప్పింది విన్నాకే గోడ లేచింది.

సున్నపురాయి పలకలను సున్నం, మట్టి లేకుండా పేర్చిన గోడ అది. కొట్టుకొచ్చిన చెక్కలకు మేకులు దిగ్గొట్టి, పీపాల ఇనుప పట్టీలను సాగగొట్టి ఆయుధాలు చేసుకున్నారు. వచ్చినవారందరినీ చేర్చుకోవడంతో 20 మంది కాస్తా 45 మందికి పైగా అయ్యారు. కోర్నెలిస్ మనుషులు పదేపదే దాడి చేసినా నిలబడ్డారు. సెప్టెంబర్ 2న బట్టలు ఇచ్చి సంధి చేసుకుంటానంటూ వచ్చి, లోలోపల కొందరిని కొనేయాలని చూసిన కోర్నెలిస్‌నే పట్టుకున్నారు. అతన్ని చంపలేదు. గోతిలో ఉంచి, తాము పట్టిన పక్షుల ఈకలు పీకే పని అప్పగించారు. సెప్టెంబర్ 17న పెల్సార్ట్ 'సార్డామ్' ఓడలో తిరిగొచ్చే వేళకు మిగిలిన హంతకుల ముఠా ఇంకా ఆ దీవి మీద కాల్పులు జరుపుతూనే ఉంది. ముఠా పడవ కన్నా ముందే హేయెస్ ఓడను చేరి హెచ్చరించాడు.

ఈ ఘటన జరిగిన 22 ఏళ్లకు ఇంగ్లండ్‌లో థామస్ హాబ్స్ 'లెవయతన్' ప్రచురించాడు. అందరినీ అదుపులో పెట్టే అధికారం లేకపోతే మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారని ఆయన సిద్ధాంతం. రాజనీతి శాస్త్రం తరగతి గదుల్లో నేటికీ చెప్పే పాఠమిది. అబ్రోలోస్ దీవులు దానికి సగమే సాక్ష్యమిస్తాయి. అక్కడ పీక్కుతిన్నది అధికారం లేని జనం కాదు, అధికారం ఉన్న మండలి. హేయెస్‌కు కంపెనీ ఇచ్చిన హోదా లేదు, చేతిలో శాసనం లేదు. నీళ్లు దొరికితే అందరికీ చెప్పాలి, పారిపోయి వచ్చినవాడిని లోపలికి రానివ్వాలి అన్న పాటింపులు మాత్రం ఉన్నాయి. రాతకోతల్లేని ఆ పాటింపులే చట్టంలా పనిచేశాయి. సంతకాలున్న ప్రమాణ పత్రాలు ముఠా ఒప్పందాలుగా మిగిలాయి.

అలాగని తిరిగొచ్చిన 'అసలు చట్టం' కూడా పులుకడిగిన ముత్యమేమీ కాదు. నేరం ఒప్పించడానికి పెల్సార్ట్ నీటి చిత్రహింస వాడాడు. అప్పటి డచ్చి న్యాయానికి అది మామూలే. అక్టోబర్ 2న కోర్నెలిస్ చేతులు రెండూ నరికి ఉరి తీశారు. మరో ఆరుగురినీ ఉరి తీశారు. ఇద్దరిని ఆస్ట్రేలియా తీరంలో వదిలేశారు. ఒకపక్క విచారణ నడుస్తుండగానే మరోపక్క గుజరాతీ ఈతగాళ్లను నీళ్లలోకి దింపి వెండి పెట్టెలు వెతికించారు. కంపెనీకి రెండూ సమానంగా ముఖ్యమైన పనులే మరి. మెచ్చుకోదగ్గది ఒకటుంది: సామాన్య సైనికుడు హేయెస్‌కు అక్కడికక్కడే పదోన్నతి ఇచ్చారు. అతని మనుషులు పేర్చిన గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆస్ట్రేలియా గడ్డ మీద ఐరోపావాసులు కట్టిన తొలి నిర్మాణాలుగా వాటిని చెబుతారు. 2006లో ఆ దేశం ఈ ప్రదేశాన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా పాత కథే కదా అనుకుంటే, మన ఇరుగుపొరుగునే ఒక కొత్త దీవి ఉంది. బంగాళాఖాతంలో 2006 ప్రాంతంలో ఒండ్రుతో తేలిన భాషన్ చర్. 2017లో మయన్మార్ నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చిన 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలతో కాక్స్ బజార్ శిబిరాలు కిక్కిరిసిపోగా, వారిలో లక్ష మందికి బంగ్లాదేశ్ ఈ దీవిలో ఇళ్లు కట్టింది. చుట్టూ తుపాన్లను తట్టుకునే కరకట్ట, వరుసగా పక్కా ఇళ్లు, తుపాను ఆశ్రయ భవనాలు. 2020 డిసెంబర్‌లో తరలింపు మొదలైంది. కొండచరియలు విరిగిపడే చోట వెదురు, టార్పాలిన్ గుడిసెల కన్నా ఇవి నయమన్న ఢాకా వాదన తోసిపుచ్చదగ్గదేమీ కాదు. పేద దేశం అంత భారం మోయడం చిన్న విషయం కూడా కాదు.

కానీ కట్ట ఎత్తు గురించి జరిగినంత చర్చ గుమ్మం గురించి జరగలేదు. దీవికి వచ్చినవారు తమంత తాముగా బయటికి వెళ్లే వీలు లేదు. 2021 ఆగస్టులో రహస్యంగా పడవలో బయల్దేరిన కొందరు సముద్రంలో మునిగి చనిపోయారు. ఇళ్లు బాగుంటే ప్రాణాలకు తెగించి ఎందుకు వెళ్తారన్న ప్రశ్న అప్పుడు గానీ పుట్టలేదు. ఆ ఏడాది అక్టోబర్‌లో ఐక్యరాజ్య సమితి అక్కడ పనిచేసేందుకు ఒప్పందం చేసుకున్నప్పుడు రాకపోకల సంగతి బేరసారాల్లో ప్రధానాంశమైంది.

భాషన్ చర్‌ను కోర్నెలిస్ దీవితో పోల్చడం అన్యాయం. అక్కడ ఎవరూ ఎవరినీ చంపడం లేదు. అయితే సముద్రమట్టం పెరుగుతోంది, తుపాన్లు ముదురుతున్నాయి, యుద్ధాలు జనాన్ని తరుముతూనే ఉన్నాయి. కట్టలు కట్టిన దీవులు, కంచెలు వేసిన కాలనీలు దక్షిణాసియాలో ఇకపై పెరుగుతాయే గానీ తగ్గవు. టెండర్లు పిలిచే ఇంజినీర్లు కట్ట ఎంత ఎత్తుండాలో చెప్పగలరు. లోపల నిబంధనలు ఎవరు రాస్తారు, రాసినవాడిని కాదనే మండలి ఒకటి ఉంటుందా, విసిగినవాడు పడవెక్కి వెళ్లగలడా అన్నవి వాళ్లు తేల్చే లెక్కలు కావు. ఆ జవాబులు ప్రభుత్వాలు ఇవ్వాలి, అదీ కట్టకు మొదటి తట్ట మట్టి పోయకముందే.