మూగవోయిన రేడియో

ఇంటిలోని పాత రేడియో మూగవోయినచో దానిని పాత సామానులవానికి తూకమునకు వేయుట నేడు వాడుకయైనది. అట్లు వేయువారు సాధారణముగా చెప్పు కారణ మొక్కటే: "దానికి కాలము తీరినది." ఈ మాట వినుటకు సమంజసముగనే తోచును. కాని పెట్టె వెనుకనున్న అట్టను విప్పి చూచినవారికి వేరు సంగతి తెలియును. అందులో పదుల కొలది భాగములు అమరియుండును. చెడినది వానిలో ఒకటియో రెండో. తక్కినవన్నియు ఇంకను పనిచేయుటకు సిద్ధముగనే యుండును. నాలుగు పెంకులు జారినవని యిల్లు పడగొట్టువాడెవడును లేడు. రేడియో విషయమున మాత్రము ఆ పని నిత్యము జరుగుచున్నది.

తెలుగువారికి రేడియో సులభముగ దక్కిన వస్తువు కాదు. 1938లో మదరాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును ప్రసారములు మొదలిడినవి. 1957లో వివిధభారతి వచ్చినది. ఆ దినములలో రేడియో కొనుట సామాన్య గృహస్థునకు గొప్ప వ్యయము. కొన్న పిదప ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము కూడ చెల్లింపవలసి యుండెను. ఆ రుసుము 1980 దశకమున గాని రద్దు కాలేదు. ఇంత ప్రియమైన వస్తువును చేసినవారు, అది ఎన్నడో చెడునని, చెడిననాడు ఎవడో ఒకడు బాగుచేయునని తలంచియే చేసిరి. వాల్వులను చేతితో ఊడదీయుటకు వీలుగా అమర్చిరి. ఏ వాల్వు ఏ చోట నుండవలయునో తెలుపు పటమును పలు పెట్టెల లోపల అంటించిరి. మరమ్మతు చేయువారికై వేరుగా ముద్రించిన పత్రములలో సర్క్యూటు పటమును, ఏ స్థానమున ఎన్ని వోల్టు లుండవలయునో ఆ లెక్కలును ఇచ్చిరి.

వాల్వు రేడియో చెడుటకు హేతువులు పెక్కులు గలవు. వానిలో ఎక్కువగా కనబడునది ఒక చిన్న కండెన్సరు. మైనము పట్టించిన కాగితమును, పలుచని లోహపు రేకులను కలిపి చుట్టి చేసిన చిటికెనవ్రేలంత గొట్టమది. చివరి వాల్వునకు ముందున్న వాల్వు నుండి ధ్వని సంకేతమును పోనిచ్చి, అచట నూరు వోల్టుల వరకు నుండు నిలుకడ విద్యుత్తును అడ్డగించుట దాని ధర్మము. ఏండ్లు గడచిన కొలది ఆ కాగితమునకు చెమ్మ తగులును. సముద్రతీరపు ఊళ్లలో ఈ చేటు మరింత త్వరితముగ కలుగును. అడ్డగింపవలసిన విద్యుత్తు రవ్వంత రవ్వంతగా అవతలికి కారజొచ్చును. అప్పుడు చివరి వాల్వు తన కొలతకు మించిన విద్యుత్తును లాగుకొని వేడెక్కును. గాయకుని గొంతు జలుబు చేసినట్లు బొంగురుపోవును. యజమాని అది స్పీకరు దోషమని తలంచి మరికొన్ని దినము లట్లే వినుచుండును. ఈలోగా వాల్వు నశించును. స్పీకరునకు ముందున్న ట్రాన్స్‌ఫార్మరు కూడ కాలిపోవచ్చును. ఒక కప్పు తేనీటి వెలకు దొరకు కండెన్సరును సకాలమున మార్చనందున వెల గలిగిన రెండు భాగములు బలియగును.

ఇట్టిదే మరియొకటి కలదు. కరెంటును రేడియోకు తగినట్లు సరిచేయు పెద్ద కండెన్సరు చెరువు వంటిది. వాన ఆగి ఆగి కురిసినను చెరువు నుండి కాలువలో నీరు ఎడతెగక పారును గదా! అట్లే తెరలు తెరలుగా వచ్చు విద్యుత్తును నిలువచేసి యిది సమముగ నందించును. దానిలోని రసాయనము ఎండిపోయినచో చెరువు పూడినట్లే. అప్పుడు పాటతోపాటు తుమ్మెద రొద వంటి మ్రోత స్పీకరు నుండి విడువక వినవచ్చును.

మెకానికు పనిలో అధికభాగము వెదకుటయే. టంకము వేయుట అటుపిమ్మటి పని. దానిని నెలదినములలో నేర్వవచ్చును. నేర్పరి యగువాడు ముందుగా మీటరుతో కరెంటు అందునో లేదో చూచును. పిదప ధ్వనిని పెంచు మీట యొద్ద స్క్రూడ్రైవరు మొనను తాకించి స్పీకరులో బుర్రుమను శబ్దము వచ్చునో లేదో వినును. శబ్దము వచ్చినచో ఆ మీట నుండి స్పీకరు వరకు గల సగము సర్క్యూటు నిర్దోషమని తేలును. ఇక వెదకవలసినది తక్కిన సగమున. ఈ విధముగ సగము సగముగా త్రోసివేయుచు దోషమున్న చోటికి చేరును. ఈ తర్కము తెలియనివాడు మొదట వాల్వులను నిందించును. అవి సులభముగ ఊడివచ్చుటయే వాని నేరము! మంచి వాల్వును మార్చి సొమ్ము తీసికొన్నవారి వలననే ఈ వృత్తికి కొంత చెడ్డపేరు వచ్చినదనుట అసత్యము కాదు.

అయితే ఈ పని ఆటపాటల వలె తలంపరాదు. వాల్వు రేడియోలో రెండువందల యేబది వోల్టుల వరకు విద్యుత్తు ప్రవహించుచుండును. మీట నొక్కి ఆపిన పిదపను కండెన్సరులలో అది కొంతసేపు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. ట్రాన్స్‌ఫార్మరు లేని కొన్ని రకములలో లోపలి ఇనుప చట్రమే కరెంటు తీగకు కలిసియుండును. కావున పెట్టెను విప్పుట తెలిసినవాని పని. బాలురు ప్రక్కన నిలిచి చూడవలయును. చిరకాలము అటకపై నున్న రేడియోను దింపినవెంటనే గోడకు తగిలించుట మరియొక తప్పు. అనుభవజ్ఞులు మొదట ఒక పాతకాలపు బల్బును వరుసలో కలిపి, దాని ద్వారా కరెంటు నిత్తురు. లోపల దోషమున్నచో బల్బు ప్రకాశించును గాని రేడియో కాలదు.

పాత రేడియోల విషయమున రెండు విపరీతములు కానవచ్చుచున్నవి. మొదటి తెగవారు పురాతనమైన ప్రతి భాగము అట్లే యుండవలయునని పట్టుబట్టి, కారుచున్న కండెన్సరును కూడ మార్చనీయరు. రెండవ తెగవారు లోపలి దంతయు పెరికివేసి, ఖాళీ పెట్టెలో నేటి బ్లూటూతు పలక నొకదానిని బిగించి, పాతదానిని కాపాడితిమని సంతోషింతురు. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొన్న చందమిది. చెడిన భాగమును మాత్రమే మార్చి, తక్కినదానిని ముట్టకుండుట ఈ రెండింటికంటె మేలు. కొందరు పాత కాగితపు గొట్టమును ఖాళీ చేసి అందులో క్రొత్త కండెన్సరును దాచుదురు. అది ముచ్చట తీర్చుకొనుటకు గాని రేడియో ఆరోగ్యమునకు అవసరము కాదు.

ప్రతి రేడియో బాగుపడునని చెప్పుట సరికాదు. గిటారు ఆంప్లిఫయర్లకు పనికివచ్చు వాల్వులు కొన్ని విదేశములలో నేటికిని తయారగుచున్నవి గాని, రేడియోలకే ప్రత్యేకమైన పెక్కు వాల్వులు పాత నిలువలలోనే వెదకవలసియున్నవి. కండెన్సరులు, రెసిస్టరులు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో, మదరాసు రిచ్చీ వీధిలో దొరకును. దొరకనిది పని నేర్పు పెద్దల సాంగత్యము. పుస్తకము చదివి సర్క్యూటు తెలిసికొనవచ్చును. ఏ వాసన ఏ భాగము కాలినదని చెప్పునో, ఏ గరగర దేనిని సూచించునో బల్ల ప్రక్కన కూర్చున్నవానికే పట్టువడును. నేర్చుకొను శిష్యుడు లేక ఒక్కొక్క దుకాణము మూతబడినపుడు ఆ విద్య కూడ దానితో పోవుచున్నది.

నేటి వస్తువులను జిగురుతో అతికించి, పటము ఇయ్యక, భాగములు అమ్మక, చెడినచో క్రొత్తది కొనుమను తయారీదారులు పెక్కురు. దీనికి ప్రతిగా ఫ్రాన్సు దేశము 2021 నుండి కొన్ని వస్తువులపై అవి ఎంతవరకు బాగుచేయ వీలగునో తెలుపు అంకెను ముద్రింపుమని విధించినది. భారత ప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ యేటి చివరను ఒక పోర్టలును తెరచినది. ఇవి మంచి ఆరంభములు. కాని వస్తువుతోపాటు దాని సర్క్యూటు పటము కూడ కొన్నవానికి చెందవలయునను నియమము లేనిచో ఈ హక్కు పేరునకే మిగులును. అరువది యేండ్ల క్రిందటి రేడియో తయారీదారు దానిని దాచలేదు. దాచి లాభింపవలయునని నేటివారు పట్టుబట్టుటకు న్యాయమైన హేతువు కానరాదు.

శ్రద్ధగల మెకానికులలో ఒక అలవాటు కలదు. పని ముగిసిన పిదప, ఏ తేదీన ఏ భాగమును మార్చినదియు పెట్టె లోపలి చెక్కపై పెన్సిలుతో వ్రాసి, అటుపిమ్మట అట్టను బిగింతురు. ఇరువది యేండ్ల పిదప దానిని విప్పువాడు ఎవడో వారికి తెలియదు. అయినను అతడు చదువుకొనునట్లు అక్షరములు విడివిడిగ వ్రాయుదురు.